తీగ తిప్పిన చెయ్యి

తులసి గుండెలో ఉండాల్సిన తీగ గుండెలో లేదు.

వినయ్ కంప్యూటర్ తెర మీదికి వంగి మళ్ళీ చూశాడు. ఎడమ భుజానికి కింద, చర్మం లోపల, అగ్గిపెట్టెంత పేస్‌మేకర్ ఉంది. దాంట్లోంచి బయల్దేరి నరం గుండా గుండె అడుగు దాకా దిగాల్సిన సన్నటి తీగ మొత్తం పైకి వచ్చేసింది. వచ్చేసి, ఆ అగ్గిపెట్టె చుట్టూ ఆరు చుట్లు చుట్టుకుని కూర్చుంది, గాలం దారాన్ని చెక్కకి చుట్టినట్టు.

నాలుగేళ్ళుగా ఒడిశా బరంపురంలో ఈ గుండె ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తున్నాడు వినయ్. ఇలాంటిది పుస్తకంలో చూశాడు. మనిషిలో చూడ్డం ఇదే మొదలు.

"ఏటి మాస్టారూ, ఫొటో బాగా రాలేదేటి?" గాజు పలకకి అవతల్నుంచి అడిగింది తులసి. "ఇంకోటి తీస్తావా? ఈసారి నవ్వుతాను."

ఆమెకి ఇరవై నాలుగేళ్ళు. ఊరు దగ్గర్లోనే, సముద్రం ఒడ్డున రామయ్యపట్నం. స్కూటీ వెనక ఐసుపెట్టె కట్టుకుని బరంపురం హోటళ్ళకి చేపలు వేసే పిల్ల. గుండె ఉన్నట్టుండి కొట్టుకోవడం మానేసే జబ్బని తేలితే, మూడు నెలల క్రితం ఈ ఆస్పత్రిలోనే పేస్‌మేకర్ పెట్టారు. గుండె మరిచిపోయినప్పుడల్లా తట్టి లేపడం దాని పని. అది ఇప్పుడు గుండెని వదిలేసి తన నడుముకి తానే మొలతాడు కట్టుకుంది.

వినయ్ అనాల్సిన మాట వేరు. అన్న మాట వేరు.

"మీరు దీన్ని తిప్పుతున్నారా?"

"దేన్ని?"

"ఛాతీ మీద మిషన్‌ని. ఏదో ఆలోచిస్తూ, తెలీకుండా, చేత్తో..."

తులసి నవ్వు అక్కడే ఆగిపోయింది.

"నేనా? సబ్బు రాయడానికే భయమేసి, మూడు నెల్లబట్టీ ఆ పక్క తడిగుడ్డతో తుడుసుకుంటన్నాను! ఎవుడు సెప్పినాడు నీకు తిప్పినానని? అందులో రాసుందేటి, తులసి తిప్పిందని?"

"లేదు. కానీ తీగ చుట్టుకుపోయింది."

"ఏటి?"

చెప్పాడు. ఆమె విన్నది. భయపడుతుందనుకున్నాడు. ఆమె బల్ల దిగి, గాజు తలుపు తోసుకుని, నేరుగా అతని ముందుకి వచ్చి నిలబడింది.

"అయిదు వారాల్లో నాలుగుసార్లు పడిపోనాను. ఓసారి ఎండుచేపల మీద. ఓసారి బస్సులో ఎవులో ముసిలాయన ఒళ్ళో. వచ్చిన ప్రతిసారీ మీ పెద్ద డాక్టరు నాడి పట్టుకుని 'కిచ్ఛి నుహే' అన్నాడు. ఏటీ లేదంట. భయమంట. మిషన్ సూసే మనిషి రెండు నెల్లకోపాలి భువనేశ్వర్ నుంచి వస్తాడంట, ఆపరేషన్ కాడ్నుంచీ మింగుతన్న నిద్దరమాత్రే అప్పటిదాకా మింగమన్నాడు. రోజుకి రెండు! మద్దేన్నం ఒకటి మింగితే నాలుగింటి దాకా నేను బతికున్నానో లేదో నాకే తెలీదు. ఇయాల ఫొటో తీస్తేగానీ లెగనని వరండాలో కింద కూకుంటే గదా నీకాడికి పంపినారు? అయిదు వారాలు గుండెకి తీగే లేదు! ఇప్పుడు నేను తిప్పినానంటావా?"

ఆమె పెదాలు నీలంగా ఉన్నాయి. అయినా ఆ కోపంలో ఆమె కళ్ళు ఎంత బాగున్నాయంటే, అలాంటి సమయంలో అది గమనించినందుకు అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది.

"తప్పయింది," అన్నాడు. "కూర్చోండి. మీరిప్పుడు నిలబడకూడదు."

"నిలబడతాను," అంది తులసి. వెంటనే అతని మీదికి ఒరిగిపోయింది.

*

మధ్యాహ్నానికల్లా తొడ దగ్గర నరంలోంచి తాత్కాలికపు తీగ వేశారు. మర్నాడు పొద్దున్నే మళ్ళీ ఆపరేషన్. సంతకానికి కాగితం తెచ్చారు.

తులసి ప్లస్ టూ దాకా చదివింది. ఇంగ్లీషుని కూడబలుక్కుంటూ పై నుంచి కింది దాకా చదివి, కలం పక్కన పెట్టేసింది.

"ఈ మాట కొట్టీండి."

కాగితంలో ఒక వాక్యం ఉంది. రోగి తన అలవాటు ప్రకారం పరికరాన్ని చేత్తో తిప్పుకోవడం వల్ల తీగ స్థానం తప్పింది, అని.

పెద్ద డాక్టరు నవ్వారు. ఆయన ఒడియాలో, చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పారు. "రోగులు చేసే పనే అమ్మా ఇది. అందులోనూ కంగారు మనుషులు. నిద్రలో చెయ్యి దానంతటదే వెళుతుంది. తప్పేం కాదు."

"తప్పు కాకపోతే మీ పేరు రాసుకోండి సార్," అంది తులసి, చక్కటి ఒడియాలో. "డాక్టరే తిప్పినాడని రాయండి. తప్పేం కాదు గదా?"

తల్లి కాసమ్మ కూతురి మోచెయ్యి పట్టుకుంది. "ఓలమ్మ, ఒగ్గీవే! సంతకం ఎట్టు. మాటదేముంది, పేణం ముక్కెం."

"మళ్ళీ తిరిగితేనో అమ్మా? అప్పుడు కూడా నేనే అంటారు. నిజంగా ఎందుకు తిరిగిందో ఎవులూ సూడరు. అబద్దం మీద సంతకమెట్టి బతికి, మళ్ళీ ఓ నెల్లాళ్ళకి అదే అబద్దంతో సావమంటావా?"

ఆ పిల్ల చెప్పింది మొండితనం కాదు, లెక్క తప్పని తర్కం. కారణం తెలియకపోతే రెండో తీగ కూడా ఊడుతుంది. ఈసారి ఆమె పడేది ఎండుచేపల మీద కాకపోవచ్చు.

ఎక్స్‌రే కవరు ఇవ్వడానికి వచ్చిన వినయ్ గుమ్మంలోనే ఉన్నాడు. ఉద్యోగం ఉన్నవాడు మాట్లాడకూడని చోటు అది.

"సార్," అన్నాడు. "అయిదు వారాల్లో నాలుగుసార్లు వచ్చినా మనం ఎక్స్‌రే తియ్యలేదు. ఆ వాక్యం ఉంచితే, ఈ వాక్యం కూడా రాయాలేమో కదా సార్."

పెద్ద డాక్టరు అతని వైపు చూశారు. తర్వాత కలం తీసి, రాసింది కొట్టేసి, పైన 'కారణం తెలియదు' అని రాశారు.

తులసి సంతకం పెట్టింది. వినయ్‌కి ఆ నెలంతా ఆదివారాలు డ్యూటీ పడింది.

"నీ ఆదివారాలు నేను తినీసినాను గదా మాస్టారూ," అంది ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్తుంటే. "బతికొస్తే సందువా సేప ఇస్తాను. రాకపోతే మా అమ్మనడుగు."

*

ఆపరేషన్ బాగా జరిగింది. తీగ బాగుంది. మిషన్ బాగుంది. తులసే బాగాలేదు.

ఆమె ఫోన్ చేసేది. మొదట అనుమానాల కోసం. తర్వాత అనుమానాలు అయిపోయినా చేసేది.

"మాస్టారూ, స్నానానికి ఎల్తే తలుపు గడియ ఎయ్యలేకపోతన్నాను. పడిపోతే ఎవులు తీస్తారని. మా అమ్మ బయట నిలబడి 'ఉన్నావా' అంటాది, నేను 'ఉన్నాను' అంటాను. పోలేరమ్మకి పూజలాగుంది."

"స్కూటీ తీశారా?"

"తీసీదేటి! దాని మీద పరదా కప్పినారు. దాన్ని సూస్తేనే కాళ్ళు వణుకుతన్నాయి. ఇంకో ముచ్చట సెప్పనా? నా కుడిసేతికి సంచి కట్టినారు."

"సంచా?"

"మీ పెద్దాయన సెప్పినాడంట మా అమ్మకి, సాటుగా. నిద్దర్లో తిప్పకుండా సంచి కట్టండని. పాత లంగా గుడ్డతో కుట్టింది. నిద్దరమాత్ర ఇంకా మానిపించలేదు గదా, అది మింగి పడుకుంటే సాలు, మణికట్టు కాడ ముడేసీడమే. దొంగకి బేడీలేసినట్టు! కాగితంలో కొట్టీసినారు గానీ, మనసులో కొట్టీలేదు మాస్టారూ. మా తాత ఎదురుగా కూకుని బీడీ కాలుస్తా సూస్తాడు. ఒక్క మాటనడు."

"నేను నమ్ముతున్నాను," అన్నాడు వినయ్.

"ఏటి?"

"మీరు తిప్పలేదని."

"మరి మొదట్రోజు అలాగన్నావేటి?"

"మొదట్రోజు నాకు తెలివి లేదు."

"ఇప్పుడొచ్చిందేటి? ఎప్పుడొచ్చింది, తారీకు సెప్పు!"

పన్నెండో రోజున కుట్లు విప్పించుకోవడానికి ఒంటరిగా వచ్చింది. పోట్లాడి మరీ ఒంటరిగా వచ్చింది. పని అయ్యేసరికి బరంపురం మీద వాన విరుచుకుపడింది. వినయ్ గొడుగు పట్టుకుని బస్టాండు దాకా నడిచాడు. గొడుగు చిన్నది. ఎడమ భుజానికి తగలకూడదని అతను దూరం జరగడం, తడుస్తున్నాడని ఆమె లాగడం.

"నేను గాజుబొమ్మనేటి? దగ్గిరికి రా. నీకు జొరమొస్తే నాకు ఫొటోలు ఎవులు తీస్తారు?"

సరిగ్గా అప్పుడే వెనక నుంచి బస్సు ఒకటి చెవులు చిల్లులు పడేలా హారన్ కొట్టింది.

తులసి మొహంలో రంగు దిగిపోయింది. ఒకసారి గాలి పీల్చింది, మరోసారి, ఇంకా గబగబా. చెయ్యి ఛాతీ మీదికి వెళ్ళబోయి, మిషన్‌కి తగలకుండా గాల్లోనే ఆగిపోయింది. అలాగే కూలిపోయింది.

జనం మూగారు. ఎవరో నీళ్ళు కొట్టారు. ఎవరో చేతిలో తాళాలగుత్తి పెట్టారు. వినయ్ ఆమె కాళ్ళని తన సంచి మీద ఎత్తి పెట్టి, మణికట్టు పట్టుకున్నాడు. నాడి డెబ్బై రెండు. గడియారంలా కొట్టుకుంటోంది.

ఆమె కళ్ళు తెరిచింది. "మళ్ళీ ఊడిపోనాదా?"

"లేదు. మిషన్ బ్రహ్మాండంగా ఉంది."

ఆమె కళ్ళు నీళ్ళతో నిండాయి. దుఃఖం కాదు, మంట. "అయితే ఇది భయం. ఆల్లన్నదే నిజం. నేను నటిస్తన్నాను!"

"ఎవరన్నారు నటన అని? మొదట పడింది తీగ వల్ల. ఇప్పుడు పడింది, అప్పుడు పడడం ఒంటికి గుర్తుండడం వల్ల. రెండూ నిజమే. భయం అంటే అబద్ధం కాదు తులసీ. అదీ జబ్బే. కాకపోతే దానికి వేరే మందు."

"ఏటా మందు? నిద్దరమాత్రేనా?"

"కాదు. కళ్ళు తిరిగినట్టుంటే పౌరుషానికి నిలబడకూడదు. వెంటనే కూర్చోవాలి. కాలు మీద కాలు మెలేసి బిగించాలి. రెండు పిడికిళ్ళూ గట్టిగా పట్టాలి. గాలి నెమ్మదిగా వదలాలి, పీల్చిన దానికి రెట్టింపు సేపు. అప్పుడు నాడి పట్టుకుని చూసుకోవాలి. నాడి సరిగా ఉంటే, ఇది తీగ కాదు, గుర్తొచ్చింది అంతే అనుకోవాలి. నాడి సరిగా లేకపోతే వెంటనే నాకు ఫోన్."

"వానలో, బురదలో, కాలు మీద కాలేసుకుని కూకోవాల?"

"నేను కూర్చోలేదా?"

అప్పుడు చూసింది. అతను నిజంగానే బురదలో చతికిలబడి ఉన్నాడు. గొడుగు ఎక్కడికో ఎగిరిపోయింది. పొలసరలో వరిపొలాల వాళ్ళ కుర్రాడు, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, మొత్తం ఎర్రబురద.

"ఓలమ్మో," అంది తులసి. ఏడుస్తూనే నవ్వింది. "నీ పేరేటి మాస్టారూ? నిజం పేరు. ఇన్నాళ్ళూ అడగనేలేదు."

*

ఆమె పడిపోయిన కబురు బస్సు కంటే ముందే ఊరు చేరింది. తాత నరసన్న ఒక్క మాటే అడిగాడట, "మళ్ళీ పడిపోనాదా?" అని.

పది రోజుల తర్వాత వినయ్ చెకప్ ఎక్స్‌రే తీశాడు.

తీగ కొస ఇంకా గుండెలోనే ఉంది. కానీ మిషన్ పావు చుట్టు తిరిగి ఉంది.

పెద్ద డాక్టరు తెర చూసి నిట్టూర్చారు. "చూశావా? సంచి కట్టినా చేస్తోంది. ఎడమచేత్తో చేసుకుంటోందేమో. ఇంకో పావు తిరిగితే తీగ లాక్కుపోతుంది. వారం చూద్దాం. ఆగకపోతే కటక్ పంపించి, కండరం లోపల లోతుగా పెట్టించాలి. మూడో ఆపరేషన్."

తులసి లేచి రెండు చేతులూ ముందుకి చాచింది.

"రెండూ కట్టీండి సార్. కాళ్ళు కూడా కట్టీండి. నోరొకటుంది, దాంతో తిప్పుతానేమో, అదీ కట్టీండి! నా ఒంటి మీద నాకు తెలీకుండా ఏటి జరుగుతందో సెప్పండి అని నేనడుగుతంటే, ప్రతిసారీ దొంగా దొంగా అని నన్నే అంటారేటి?"

ఆమె గొంతు వరండా చివరి దాకా వినపడింది.

వినయ్ మాత్రం తెర ముందు నుంచి కదల్లేదు. పాత ఎక్స్‌రే పక్కన కొత్తది పెట్టాడు. మొదటిసారి చుట్లు ఎడమకి తిరిగాయి. ఈసారి మిషన్ కుడికి తిరిగింది.

అలవాటుపడిన చెయ్యి ఒకే వైపు తిప్పుతుంది. ఇది అలవాటు కాదు. ఎవరో బుద్ధిపూర్వకంగా, ఆలోచించి, వెనక్కి తిప్పుతున్నారు.

"రేపు నాకు సెలవు," అన్నాడు ఆమెతో, బయటికొచ్చాక. "మీ ఊరొస్తాను."

"ఏటి, కాపలాకా?"

"సందువా చేప బాకీ ఉన్నావు కదా."

'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరూ గమనించలేదు. గమనించనట్టు నటించారు.

*

మర్నాడు మధ్యాహ్నం రెండున్నరకి, రామయ్యపట్నంలో వలలు ఆరేసిన చోట వినయ్ బైకు ఇసకలో జారింది. బైకుకేం కాలేదు. అతని కుడిభుజం పట్టేసింది.

నలుగురు వచ్చి లేపి, అడక్కుండానే ఒక ఇంటి అరుగు మీద కూర్చోబెట్టారు. "నరసన్న తాత సూసుకుంటాడు. అయిదూళ్ళ బెణుకులు ఆయనవే," అని వెళ్ళిపోయారు.

వెదకబోయిన ఇల్లు అదే.

నరసన్నకి డెబ్బై దాటాయి. ఛాతీ మీద తెల్లవెంట్రుకలు, మోకులు లాగి లాగి మొద్దుబారిన వేళ్ళు. ఇల్లంతా గోరువెచ్చటి ఆవనూనె వాసన. కాసమ్మ చేపల గంపతో ఊళ్ళ మీదికి పోయింది. లోపలి గదిలో తులసి పడుకుని ఉందని చెప్పాడు.

"ఏ ఊరు బావూ?"

"పొలసర."

"అందికే. పొలసరోళ్ళకి ఇసక మీద నడవడమే రాదు, బండి ఒకటి." చొక్కా విప్పించి, గిన్నెలోంచి నూనె తీసి భుజానికి రాశాడు. "బిగబట్టకు. నన్నే నమ్ము. పిల్లల్ని సముద్రంలోకి దించినట్టు నిమ్మళంగా సేస్తాను. నిద్దరోతే కూడా తెలీదు."

నిజమే. ఆ వేళ్ళు నొప్పి తెలియకుండా లోపలికి దిగాయి. భుజం నుంచి మెడకి, మెడ నుంచి ఛాతీ పైభాగానికి. బొటనవేలు ఎముక కింద ఆనింది. నొక్కింది. నెమ్మదిగా, గుండ్రంగా, తిప్పింది.

"అడ్డమున్నది ఏదైనా నిలువు సెయ్యాల," అన్నాడు నరసన్న తనలో తాను. "ఒంట్లో అడ్డంగా ఏదుండకూడదు."

వినయ్ కళ్ళ ముందు ఆరు చుట్లు మెదిలాయి.

అతను తల తిప్పాడు. నోరు తెరిచాడు. కానీ అడిగింది అతను కాదు.

"తాతా. నాకూ ఇలాగే పట్టీవోడివా?"

లోపలి గుమ్మంలో తులసి నిలబడి ఉంది. కుడిచేతికి సంచి వేలాడుతోంది. ఆమె చూపు తాత బొటనవేలి మీదే ఉంది.

నరసన్న చెయ్యి ఆగింది. గిన్నె మీద మూత పెట్టాడు. చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు, ఒక్కో వేలూ విడివిడిగా. తర్వాత ఎవరి మొహమూ చూడకుండా అరుగు దిగి, పడవల వైపు నడిచి వెళ్ళిపోయాడు.

తులసి అరవలేదు. లోకం మొత్తం మీద అరిచిన పిల్ల, ఆ వీపు మీద అరవలేకపోయింది. మొహంలో రంగు దిగింది. వినయ్ లేవబోయాడు.

"రాకు," అంది. "నువ్వక్కడే ఉండు."

గుమ్మంలోనే కూర్చుంది. కాలు మీద కాలు మెలేసింది. పళ్ళతో సంచి ముడి విప్పి పారేసి, రెండు పిడికిళ్ళూ బిగించింది. నెమ్మదిగా గాలి వదిలింది. మణికట్టు పట్టుకుని పెదాలు కదుపుతూ నాడి లెక్కపెట్టుకుంది. చాలాసేపు అలాగే ఉంది.

పడలేదు.

"డెబ్బై ఎనిమిది," అంది చివరికి. "నువ్వొచ్చినప్పుడు తొంబై ఉంది. అలా సూడకు, లెక్క సరిగానే సూసినాను."

"నువ్వు నిద్రపోతున్నావన్నాడు తాత."

"మాత్ర మింగలేదు. నువ్వొస్తావని, కొంగులో దాసినాను. ఇన్నాళ్ళూ మింగినాను గదా, నాకు తెలీలేదు. సాయంత్రమైతే అక్కడ సలుపుతందని ఎన్నిసార్లు సెప్పినాను మీ పెద్దాయనికి? భయమన్నాడు. ఇంకో మాత్ర ఇచ్చినాడు!" గోడకి తల ఆనించింది. "ఈ వాసన నా ఒంటి మీద కూడా ఉండేది వినయ్. ఇల్లంతా ఇదే వాసన గదా, అనుమానమే రాలేదు. నాయన పోయినాక నన్ను బుజాల మీద మోసి పెంచినాడు. ఇప్పుడు ఎవుల మీద కోపపడాల నేను?"

మాస్టారు అనలేదు. పేరు పెట్టి పిలిచింది.

"కోపం దాచుకో. నా మీద పడుదువు గాని, జీవితాంతం."

తులసి కళ్ళు చిట్లించింది. "ఏటన్నావు?"

"విన్నావు కదా."

"ఇన్నాను. మళ్ళీ సెప్పు. నూనె రాసుకుని, సొక్కా లేకుండా, బుజం వంకరగా పెట్టుకుని సెప్పినావు. సరిగ్గా సెప్పు."

"నిన్ను పెళ్ళి చేసుకుంటాను తులసీ. నీకిష్టమైతే."

"పడిపోతంటాను నేను. తెలుసు గదా?"

"పక్కన కూర్చుంటాను. బురదైనా సరే."

ఆమె అతని చొక్కా తీసి మొహం మీదికి విసిరింది. "ఏసుకో ముందు. ఊరంతా సూస్తంది." తర్వాత, చాలా మెల్లిగా, "ఇష్టమే. కానీ అదొక్కటి తేలాల. మా తాత తన నోటితో సెప్పాల. మీ పెద్దాయన ముందు. నేను సెప్తే నమ్మరు, నువ్వు సెప్తే నాకోసం అంటారు. ఆయన సెప్పడు వినయ్. ఊళ్ళో తన సెయ్యి తప్పు సేసినాదని మా తాత పుట్టి బుద్దెరిగి ఒప్పుకోలేదు."

*

మర్నాడు పొద్దున్న తొమ్మిది గంటలకి, పెద్ద డాక్టరు ఓ.పి. మొదలుపెట్టకముందే, ఉతికిన పంచె కట్టుకున్న ముసలాయన ఒకడు వరస దాటుకుని లోపలికి వచ్చాడు. వెనకాలే కాసమ్మ, ఆమె వెనక తులసి. కబురు విని ఎక్స్‌రే గదిలోంచి వినయ్ పరిగెత్తుకొచ్చాడు.

కుర్చీ చూపిస్తే నరసన్న కూర్చోలేదు. కాగితం ఇవ్వబోతే తీసుకోలేదు. ఆయన తెలుగులో చెప్పాడు. డాక్టరుకి అర్థం కాని చోట తులసి ఒడియాలో చెప్పింది, ఒక్క మాట కూడా తగ్గించకుండా.

"సంతకం నాకు రాదు డాట్రుబావూ. నోటితో సెప్తాను, నువ్వు రాసుకో. నా పేరు నరసన్న. యాబై ఏళ్ళబట్టీ మా ఊళ్ళో ఎవుడి బుజం తప్పినా, ఎవుడి మెడ పట్టీసినా నేనే సరిసేసినాను. నా మనవరాలికి జబ్బొస్తే మాత్రం నన్నెవులూ అడగలేదు. కోసినారు, ఏదో పెట్టినారు, ముట్టుకోవద్దని పంపీసినారు. నాకు రోసమొచ్చినాది. తోలు కింద అది అడ్డంగా అవుపించినాది. అడ్డమున్నది నిలువు సెయ్యడం నా పని. గుంట మీ మాత్ర మింగి పడుకున్నప్పుడు నూనె రాసి తిప్పినాను. పడిపోనాది. ఇంకా సరిగ్గా కూకోలేదనుకుని మళ్ళీ తిప్పినాను. పడినప్పుడల్లా తిప్పినాను.

"మీరు అయిదు వారాలు ఫొటో తియ్యలేదు. అది మీరు సెప్పుకోండి, నాది నేను సెప్తన్నాను.

"తీగ సుట్టుకుపోనాదని కాసమ్మ ఇంటికొచ్చి సెప్తంటే, నా ఏళ్ళకి అప్పుడే తెలిసిపోనాది. అప్పుడు సెప్పాల. సెప్తే అయిదూళ్ళలో నా సేతికి ఎవుడూ బుజమియ్యడని నోరు మూసుకున్నాను. దాని సేతికి సంచి కడతంటే ఎదురుగా కూకుని సూసినాను. గుంట నా మొకంకేసి సూసేది. నేను బీడీ కేసి సూసీవోడిని. ముక్కూ మొకం తెలీని పొలసర కుర్రోడు దాని మాట నమ్మినాడు. పెంచినోడిని, నిజం తెలిసినోడిని, నేను దాన్ని దొంగని సేసినాను. ఆ కుర్రోడికి పిల్లనియ్యమని రాతిరి కాసమ్మతో సెప్పినాను. అది మా ఇంటి మాట, నువ్వు రాసుకోనక్కర్లేదు.

"బస్టాండు కాడ మళ్ళీ పడిపోనాదని తెలిసినాక నా మతి పోనాది. ఒట్టేసుకున్నాను ముట్టుకోనని. ఉండలేకపోనాను. ఎడమకి తిప్పి పాడుసేసినాను గదా, కుడికి తిప్పితే బాగవుద్దనుకున్నాను డాట్రుబావూ. దాని సేతులు ఏ పాపమూ ఎరగవు. తిప్పింది నేనే."